ఇటుక ముక్కల్లో పుదీనా

కోట అనే ఊరి బజారులో షాహిదాబీ అనే మనిషికి ఎంత కోపం ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్తే నమ్మరు. కేకలు వేసే కోపం కాదండీ. కేకలు వేసేవాళ్ళతో ఏ పేచీ లేదు. నోరు నొప్పి పుట్టేదాకా అరిచి, చెంబెడు నీళ్ళు తాగి, గుర్రుపెట్టి నిద్రపోతారు. షాహిదాబీ అలా కాదు. నవ్వుతూ పలకరించేది, ఇంటికి వచ్చినవాళ్ళకి చాయ్ ఇచ్చేది, పిల్లాపాపల క్షేమం అడిగేది. లోపల మాత్రం కుంపటి ఆరకుండా చూసుకునేది. అలా రెండేళ్ళ పైన చూసుకుంది. ఆ కోపమంతా ఒక్క మనిషి మీదే, మరిది సిలార్ మీద. ఎందుకంటారా? ఆరు సెంట్ల పెరడు కోసం.

ఆమె భర్త పేరు చోటే సాహెబ్. పేరుకే చిన్నవాడు, పుట్టుకలో పెద్దవాడు. యుద్ధం రోజుల్లో పట్టాళంలో వంటవాళ్ళకు సాయంగా చేరి ఇరాక్ దాకా పోయి వచ్చాడు. అక్కడ ఎడారి మధ్య, దొరల విమానాలు దిగే చోట, సిమెంటు తొట్లలో గులకరాళ్ళు పోసి, ఉప్పులు కలిపిన నీళ్ళు పెట్టి, మట్టి అన్నదే లేకుండా టమాటాలు పండించేవాళ్ళట. ఆ తొట్లకు పొద్దున నీళ్ళు పెట్టి సాయంత్రం దించేసే పని చోటే సాహెబ్‌ది. వచ్చేటప్పుడు ఆ ఉప్పుల పేర్లు, కొలతలు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకొచ్చాడు. "రాళ్ళల్లో టమాటాలంట!" అని బజారంతా పగలబడి నవ్వింది. నిజం చెప్పాలంటే షాహిదాబీ కూడా నవ్వింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. నోటుబుక్కు ట్రంకుపెట్టెలో పెట్టేసి, అందరిలాగే పెరటి మట్టిలో పుదీనా, కొత్తిమీర వేసుకున్నాడు. వాకాడు మొదలుకొని గూడూరు దాకా ఏ ముసల్మాను ఇంట పెళ్ళి జరిగినా పులావులోకి ఆ పుదీనాయే పోయేది.

ఆ పెరడు షాహిదాబీ సొంతం. నిఖా నాడు, పెళ్ళికూతురికి ఇవ్వాల్సిన మెహర్ కింద ఆ పెరడే ఇస్తున్నానని చోటే సాహెబ్ నలుగురిలో చెప్పాడు. నోటిమాటే. విన్న సాక్షులిద్దరూ ముసలివాళ్ళు, కాలం చేశారు. పిల్లలు లేరు గనుక ఆ మొక్కలనే మొగుడూపెళ్ళాలు పిల్లల్లా చూసుకున్నారు. పొద్దున్నే ఆమె నీళ్ళు తోడుతుంటే ఆయన పాదులు చేసేవాడు. అంతే వాళ్ళ సంసారం, అంతకు మించి వాళ్ళేమీ కోరుకోలేదు.

యాభై తొమ్మిది నవంబరులో గాలివాన వచ్చింది. తడిసిన బట్టలతో మూడు రోజులు పెరటి దడి నిలబెడుతూ తిరిగిన మనిషికి జ్వరం తగిలి, వారం తిరక్కుండా పోయాడు.

మొగుడు పోయిన ముసల్మాను ఆడది నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉండాలి. గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. మరిది కూడా పరాయివాడి కిందికే వస్తాడు. అందుకని సిలార్ ఏం మాట్లాడినా తెర అవతల నిలబడే మాట్లాడేవాడు. సిలార్ సంగతి చెప్పలేదు కదూ. చోటే సాహెబ్‌కి ఒక్కడే తమ్ముడు, పక్కింట్లోనే కాపురం, సంతలో కూరగాయల బేరం. అన్న పుదీనా తోటను చూసి ఏళ్ళ తరబడి గుటకలు మింగినవాడు.

ఒకనాడు తెర అవతలనుంచి అన్నాడు: "వదినా, గాలికి పెరటి దడంతా పడిపొయ్యుండాది. దోవన పొయ్యే ప్రతివాడికీ నీ ఇల్లు లోపలిదాకా కనపడతాంది. ఇద్దత్‌లో ఉండే మనిషివి, నీ పరదా కోసం ఒక గోడ పెట్టిస్తా. నువ్వు సరేనంటేనే."

షాహిదాబీ కళ్ళు నీళ్ళతో నిండాయి. పరామర్శకు వచ్చి వసారాలో కూర్చున్న పెద్దలకు కూడా వినపడేట్టు గట్టిగా అంది: "పెట్టించు సిలారూ. అల్లా నిన్ను చల్లగా చూడాల. మీ అన్న ఉన్నా ఇంతకంటే చేసుండడు."

చూశారా, అక్కడే మోసపోయింది. వెనక తలుపుకు గడియ వేసుకుని, లోపలి గదిలో కూర్చుని, మేస్త్రీ తాపీ చప్పుడు వింటూ, అయిదు పూటలా నమాజులో ఆ మరిది కోసం దువా చేసింది. వాడి బేరం బాగుండాలని, వాడికి కొడుకు పుట్టాలని. ఆ దువాలు తలుచుకుంటే తర్వాత ఆమెకు ఒళ్ళంతా మంట పుట్టేది. పెరడు పోయినందుకైనా ఓర్చుకునేదేమో గానీ, దోచుకునేవాడికి దీవెనలు ఇచ్చుకున్నందుకు మాత్రం ఓర్చుకోలేకపోయింది.

ఇద్దత్ తీరిన రోజు తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, మొక్కలు ఎట్లున్నాయో చూద్దామని వెనక తలుపు తీసింది. రెండడుగుల అవతల గోడ. నిలువెత్తు ఇటుక గోడ. పెరడు, బావి, పుదీనా మళ్ళు, ఆయన నాటిన కరివేపాకు చెట్టు, అన్నీ అవతలే. గోడకు ఈ పక్కన మిగిలింది కాళ్ళు కడుక్కునే జాగా. అందులో కూడా మేస్త్రీ పడేసిపోయిన ఇటుక ముక్కలు గుట్టగా ఉన్నాయి. దడి ఉన్న చోట దోవ పక్కన గోడ కట్టాల్సింది పోయి, ఇంటి ముక్కు మీద కట్టాడు మహానుభావుడు!

పెద్దల దగ్గరికి కబురు పంపింది. వాళ్ళు గడ్డాలు నిమురుకున్నారు. "నువ్వే గదమ్మా కట్టమన్నావు. మేమందరం చెవులారా విన్నాం. అల్లా చల్లగా చూడాలని గూడా అంటివి," అన్నారు. మెహర్ మాట ఎత్తితే సాక్షి ఎవరన్నారు. సాక్షులేమో కబరస్తానులో ఉన్నారు.

ఆ సాయంత్రం సిలార్ తెర అవతల నిలబడి, "నీకెందుకు వదినా ఆ మట్టి చాకిరీ. రెండు పూటలా నా ఇంటినుంచి కూడు వస్తాది. తిని అల్లాని తలుచుకుంటా కూచో," అన్నాడు.

"నీ కూడు వద్దు," అంది షాహిదాబీ. గొంతు పెంచలేదు. "నువ్వు కట్టిన గోడ నీ చేత్తోనే పడగొట్టిస్తా. అప్పటిదాకా ఈ వెనక తలుపు తియ్యను."

సిలార్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నవ్వడూ మరి! మట్టి లేదు, బావి లేదు, మగదిక్కు లేదు. ఏం పీకుతుందనుకున్నాడు.

ఆ రోజే ఆమె ట్రంకుపెట్టె తెరిచి నోటుబుక్కు బయటికి తీసింది.

మొగుడు చెబుతుంటే నవ్విన ముచ్చట్లన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. బండి తోలే ముత్యాలయ్యను పిలిపించి, పాత కిరసనాయిలు డబ్బాలు తెప్పించి, నిలువునా చీల్పించి, తుప్పు పట్టకుండా లోపల తారు పూయించింది. ఒక చివర కింద బొక్క, దానికి ఒక కర్ర బిరడా. నడిమింటి కప్పు మీద నాటు పెంకులు తీయించి ఇరవై చోట్ల గాజు పెంకులు పెట్టించింది. ఎండ వచ్చి నేరుగా డబ్బాల మీద పడాలి మరి. అమ్మోనియా, సూపరు, పొటాషు గూడూరు ఎరువుల కొట్లో దొరికాయి. విరేచనాల ఉప్పు మందుల షాపులో, అన్నభేది పచారీ కొట్లో. ముత్యాలయ్య ఆ పొట్లాలన్నీ తెచ్చి పడేసి, "ఏందమ్మా, వైద్యం మొదులు పెట్టినావా?" అన్నాడు. "అవునయ్యా, ఒకడికి రోగం కుదర్చాల," అంది ఆమె.

మొదటిసారి చేతులు కాల్చుకుంది. సముద్రం ఒడ్డు ఇసుక తెప్పించి డబ్బాల్లో పోసింది. అందులో అంతా గవ్వల పొడి. పది రోజుల్లో మొక్కలన్నీ కామెర్లు పట్టినట్టు పచ్చబారి తల వేలాడేశాయి. గవ్వల్లో సున్నం ఉంటుందని, అది అన్నభేదిలోని ఇనుమును మొక్కకు అందనీయదని నోటుబుక్కు వెనక అట్ట మీద ఆయన రాసి పెట్టాడు, ఈమే ముందు చూసుకోలేదు. కూర్చుని ఏడ్చిందనుకుంటున్నారేమో. ఇసుకంతా వీధిలో పారబోసి, గోడ మొదట్లో మేస్త్రీ వదిలేసిన ఇటుక ముక్కలు ముత్యాలయ్య చేత పక్క సందులోంచి ఏరించి తెప్పించి, సుత్తితో చింతగింజంత ముక్కలు చేసింది. ప్రతి దెబ్బకూ మరిది పేరు తలుచుకునేది. ఆ పనిలో ఆమెకు అలుపే రాలేదు.

ఆ ఇటుక ముక్కల్లో పుదీనా పట్టుకుంది. పొద్దున ఉప్పుల నీళ్ళు పోయడం, సాయంత్రం బిరడా తీసి కుండలోకి దించుకోవడం, మళ్ళీ పొద్దున అవే నీళ్ళు పోయడం. డబ్బాకు ఒక చిన్న చెంచా ఉప్పులు, అదీ తలకొట్టి. అంతకు మించితే వేరు మాడిపోతుంది. ఏడాది తిరిగేసరికి నడిమిల్లంతా డబ్బాలే. పుదీనా, కొత్తిమీర, ఒక మూలన రెండు టమాటా తీగలు. మంచం వాల్చుకోడానికి చోటు లేక వంటింట్లో పడుకునేది. ఇల్లంతా వాసనతో ఘుమఘుమలాడేది.

అరవై ఒకటిలో బక్రీదు మే నెలాఖరున పడింది. ఆ ఏడు ఎండలు అలాంటి ఇలాంటివి కావు. కోటలో పెరటి బావులన్నీ ఉప్పుదేరాయి. సిలార్ పెరట్లో మళ్ళు మాడి కంపయ్యాయి. ఊళ్ళో పచ్చటి ఆకు అంటూ కనిపిస్తే అది షాహిదాబీ నడిమింట్లోనే. ఆమెకు పెద్దగా నీళ్ళు కూడా అక్కర్లేదు, ఉన్న నీళ్ళే తిరిగి తిరిగి వాడుకుంటుంది. తాగే నీళ్ళ బావినుంచి రోజుకు రెండు బిందెలు తెప్పించుకుంటే చాలు. పెళ్ళి వంటలవాళ్ళు, పండగ బేరంవాళ్ళు సిలార్ వాకిలి దాటి పోయి ఆమె తెర ముందు నిలబడ్డారు. తెర కిందనుంచి ఆమె కట్టలు అందిస్తుంటే, పక్కింటి అరుగు మీద కూర్చున్న సిలార్ కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. వాడు పళ్ళు కొరికే చప్పుడు వినాలని ఆమె తెర దగ్గరే ఎక్కువసేపు నిలబడేది. నాకైతే తప్పనిపించదు.

పండగ అయిన వారానికి సిలార్ భార్య రషీదా వచ్చింది. మంచి పిల్లే గానీ, కడుపులో మాట దాగదని బజారులో పేరు. "పంచదార అయిపోయిందక్కా," అంటూ వచ్చి, కళ్ళు ఆ మూలకూ ఈ మూలకూ తిప్పింది. సిలారే పంపాడని షాహిదాబీకి గడపలోనే అర్థమైంది.

"ఏందక్కా, వట్టి ఇటుక ముక్కల్లో ఇట్ట పెరిగింది! ఏం వేస్తావు?"

"వేసేదేముండాదే. అంతా ఉప్పుల మహిమ. అమ్మోనియా, సూపరు, పొటాషు, అన్నభేది," అని షాహిదాబీ ఒక్కో పొట్లం విప్పి చూపించింది. దాపరికం లేకుండా, తోబుట్టువుకు చెప్పినట్టు చెప్పింది. అన్నీ నిజాలే చెప్పింది. ఒక్కటి తప్ప.

"ఎంతెంత వెయ్యాల?"

షాహిదాబీ చెయ్యి చాచి గుప్పిట మూసి చూపించింది. "మొక్కకి గుప్పెడు. వారానికి రెండుమార్లు. ఎండలెక్కువైతే ఇంకో గుప్పెడు."

రషీదా ఆ గుప్పిట వంక చూసి, ఊ కొట్టి, పంచదార తీసుకోవడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

మూడోనాడు ముత్యాలయ్య బండి పక్కింటి ముందు ఆగింది. పొట్లాలు కాదు, బస్తాలు దిగాయి. షాహిదాబీ కిటికీ సందులోనుంచి చూసింది. ఆ రోజు పండగ నాడు కూడా వండుకోని సేమ్యా పాయసం వండుకుని తింది.

అక్కడినుంచి ఆమెకు కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున నమాజు కాగానే వెనక తలుపు దగ్గరికి పోయి, తలుపు తీయకుండా చెవి ఆనించి వినేది. సిలార్ చాంతాడు గిలక చప్పుడు, నీళ్ళు పోసే చప్పుడు, వేసిన విత్తనం వేసినట్టే మాడిపోతుంటే వాడు గొణుక్కునే చప్పుడు. మొదట పది రోజులు మళ్ళు ముదురాకుపచ్చగా లేచాయట. వాడు మీసం దువ్వాడట. తర్వాత ఆకు అంచులు కాలాయి. ఎరువు చాలలేదనుకుని ఇంకో గుప్పెడు వేశాడు. మొదలు కుళ్ళితే ఇంకో గుప్పెడు. పైనుంచి ఉప్పు బావి నీళ్ళు. వాన పడ్డప్పుడు కాస్త తేరుకునేది, మళ్ళీ వాడే గుమ్మరించేవాడు. ఒకసారి కరివేపాకు చెట్టు ఎండిపోయిందని రషీదా చెప్పినప్పుడు షాహిదాబీ చేతిలోని చెంచా కాసేపు ఆగింది. అది ఆయన నాటిన చెట్టు. ఆ తర్వాత పళ్ళు బిగబట్టి డబ్బాలకు నీళ్ళు పోసుకుంది.

అరవై రెండు జూన్లో, మిట్టమధ్యాహ్నం, వెనకవైపు దబ్‌మని శబ్దమైంది. మళ్ళీ దబ్. షాహిదాబీ వెనక తలుపుకు చెవి ఆనించింది. గడ్డపలుగు దెబ్బలు. ఒక్కొక్క వరస ఇటుక ఊడి పడుతోంది. లెక్కపెట్టకుండా, ఊపిరి పీల్చకుండా విన్నది. ఎవరో కూలివాడు కాదు, ఆ రొప్పు సిలార్‌దే. వాడి చేత్తోనే! రెండేళ్ళ పైచిలుకు ఆమె అన్నం తిన్నదీ నీళ్ళు తాగిందీ ఈ చప్పుడు కోసమే.

గోడ పడ్డాక సిలార్ తలుపు అవతలనుంచే అన్నాడు, గొంతు చచ్చిపోయి ఉంది: "నువ్వన్నట్టే నా చేత్తోనే పడగొట్టినా, తీసుకో వదినా. నీ పెరడు నీకే. నాకింక దీంతో పని లేదు. గూడూరు సంతలో కొట్టు పెట్టుకుంటాండా."

అడుగులు దూరమయ్యేదాకా ఆగి, షాహిదాబీ గడియ తీసింది. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తలుపు తెరిచి, ఇటుకల గుట్ట దాటి, కాలు పెట్టింది. గెలిచాననుకుంది. నిజంగానే గెలిచింది కూడా.

కాలి కింద నేల కరకరలాడింది. పెరడంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గరిక పోచ లేదు. చీమ కూడా లేదు. ఆయన పాదులు చేసిన చోట వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది. విషం. ఆ మట్టిని కడిగి మళ్ళీ మనిషిని చేయడానికి ఆమెకు ఆ తర్వాత అయిదు వానాకాలాలు పట్టింది, కానీ ఆ రోజు అదేమీ తెలియదు. ఆ రోజు తెలిసింది ఒక్కటే. ఈ నేలను సిలార్ దొంగిలించాడు. చంపింది మాత్రం తను. వాడు దొంగిలించిన రోజున కూడా ఆయన చేతి మళ్ళు బతికే ఉన్నాయి.

వెనక అలికిడైతే తిరిగి చూసింది. రషీదా. ముసుగు మొహం మీదికి బాగా లాక్కుని ఉంది. షాహిదాబీ ముసుగు పక్కకు తీసింది. ఎడమ చెంప కమిలి కన్ను మూసుకుపోయింది.

"ఇదేందే?"

"ఏం లేదక్కా. గూడూరులో ఎవురో ఎరువుల కొట్టాయన చెప్పినాడంట, మొక్కకి గుప్పెడు వేస్తే నేల చచ్చిపోతాదని. మీ మరిది ఇంటికొచ్చి, మా వదిన మోసం చేసి చెప్పిందా అని అడిగినాడు. లేదు, అక్క చెంచా అనే చెప్పింది, నేనే మరిచిపొయ్యి గుప్పెడని చెప్పినానన్నా."

షాహిదాబీ ఇక దాచలేదు. "నేను చెంచా అన్లేదు రషీదా. గుప్పెడనే అన్నా. కావాలనే అన్నా."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు నేను వాకిట్లో శానాసేపు నిలబడినా. నువ్వు చెంచాతో తలకొట్టి వేసేది చూసినాకనే లోపలికొచ్చినా. నువ్వు గుప్పిట చూపించినప్పుడే నాకు తెలుసు."

"తెలిసీ పొయ్యి ఆయనకి గుప్పెడని చెప్పినావా?"

రషీదా ఆ కూలిన ఇటుకల వంక చూస్తూ అంది: "గోడకి ముగ్గు పోసినప్పుడే నాకు తెలుసక్కా, అది నీ పరదాకి గాదని. నువ్వు లోపల కూచోని ఆయనకి కొడుకు పుట్టాలని దువా చేస్తా ఉంటే ఈ చెవులతో విన్నా. వచ్చి ఒక్క మాట చెప్పుంటే సరిపొయ్యేది. చెప్పలా. అప్పుడు ఆయన కోసం నోరు మూసుకున్నా, ఈసారి నీ కోసం మూసుకున్నా."

ఆ చెంప మీద పడ్డ దెబ్బ ఎవరికి పడాల్సిందో షాహిదాబీకి తెలుసు. సిలార్ పాడైపోవాలని కోరుకుంది, వాడు పాడైపోయాడు. ఈ పిల్లను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. మాట మోసుకుపోయే మనిషి అనుకుంది, అంతే. మొగుడు పోయినప్పుడు కూడా తెర దాటి గొంతు వినపడకుండా ఏడ్చిన షాహిదాబీ, ఆ తెల్లటి నేల మీద కూలబడి, రషీదా రెండు కాళ్ళూ చుట్టేసుకుని, బజారంతా వినపడేట్టు ఏడ్చింది.

రషీదా కంగారుపడి భుజాలు పట్టి లేపబోయింది. "లే అక్కా, లే. గోడ గూడా లేదు. ఆయన పెరటి అరుగు మీదే ఉండాడు, చూస్తాడు."

"చూడనీ," అంది షాహిదాబీ.